బ్యాంక్వెట్ పదోన్నతి తీసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లోని ఒక పెద్ద హోటల్ రెస్టారెంట్‌లో కెప్టెన్‌గా (వడ్డించేవారి పనిని చూసుకునే ఉద్యోగం) పనిచేస్తున్నాను. పెళ్లిళ్లు, విందులు జరిపించే బ్యాంక్వెట్ విభాగంలో అసిస్టెంట్ మేనేజర్‌ని చేస్తామంటున్నారు. నా భార్య టీచర్. ఆమెకు సెలవు ఆదివారం, నాకు మంగళవారం. ‘ఇప్పటికే ఇంటికి చుట్టంలా వస్తున్నారు, ఇక అదీ ఉండదు’ అంటోంది. మధ్యలో విరామంతో రెండు విడతలుగా పనిచేసే బ్రేక్ షిఫ్ట్ రోజుల్లో మధ్యాహ్నం మూడు నుంచి ఏడు వరకు లాకర్ గదిలోనే బల్లమీద పడుకుంటాను. ఏం చేయమంటారు?

జవాబు: పదకొండింటికి వెళ్లి రాత్రి పదకొండింటికి బయటపడే మనిషి హోటల్ లెక్కలో ఎనిమిది గంటలే పనిచేసినట్టు, ఇంటి లెక్కలో మాత్రం రోజంతా లేనట్టే. రెండూ నిజమే కనుక మీ వాదన తెగడం లేదు.

బ్యాంక్వెట్ పని తేలికేమీ కాదు. మాఘ, ఫాల్గుణాల్లో, శ్రావణంలో రాత్రి రిసెప్షన్ ముగించి, హాలు సర్దించి, తెల్లవారుజాము ముహూర్తం వారి టిఫిన్లకు మళ్లీ నిలబడాల్సిన రోజులు వరసగా రావచ్చు. అయితే ఆషాఢంలోనూ మూఢంలోనూ పెళ్లిళ్ల ఒత్తిడి తగ్గుతుంది. అంటే ఈ పనిలో చాలా భాగం పంచాంగంలో నెలల ముందే కనిపిస్తుంది, వారం వారం మారే రెస్టారెంట్ రోస్టర్‌కు (డ్యూటీల పట్టికకు) ఆ సుగుణం లేదు. మీ భార్యను ఎక్కువ బాధిస్తున్నది మీరు ఎప్పుడు వస్తారో తెలియకపోవడమేనని నాకనిపిస్తోంది.

డబ్బు విషయంలో మాత్రం తొందరపడవద్దు. దుకాణాలు, సంస్థల చట్టం (1988) ప్రకారం వారానికి 48 గంటలు మించిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలి, కానీ నిర్వహణాధికారం ఉన్న పదవులకు ఈ రక్షణ సాధారణంగా వర్తించదు. టిప్పులు కూడా తగ్గుతాయి కాబట్టి, పెరిగే జీతంలోంచి ఆ రెండింటినీ తీసేసి చూడండి. పేరు చివర ‘మేనేజర్’ చేరి, చేతికి పాత సొమ్మే వచ్చినవారు ఈ రంగంలో తక్కువేమీ కాదు.

ఆ లెక్క మీకు నచ్చితే, రెండు షరతులపై ఒప్పుకోమంటాను. పెళ్లిళ్ల రద్దీలో వదులుకున్న వారాంతపు సెలవులను ఆ తరవాతి నెలలోనే కాంప్ ఆఫ్‌లుగా (బదులు సెలవులుగా) ఇస్తామనీ, నెలకొక ఆదివారం ఖాయంగా వదులుతామనీ హెచ్.ఆర్. వారిచేత రాయించుకోండి. కుదరదంటే కెప్టెన్‌గానే ఉండి, పగటి వేళల్లో సాగే రిజర్వేషన్లకో, శిక్షణ విభాగానికో బదిలీ అడగండి. ఎదుగుదల కాస్త నెమ్మదిస్తుంది, అంతే.

‘మీ కోసమే కదా కష్టపడుతున్నాను’ అన్న మాటను కొన్నాళ్లు పక్కన పెట్టండి, అది వినే మనిషికి నింద మోపినట్టే ఉంటుంది. వచ్చే మంగళవారం ఆమె బడి నుంచి తిరిగొచ్చేసరికి పంచాంగాన్నీ, మీ పాత రోస్టర్లనూ ముందు పెట్టుకుని, ఏయే వారాలు మీరు ఇంట్లో ఉండరో ఇద్దరూ కలిసి గుర్తించండి. హోటల్‌కు జవాబు చెప్పడం ఆ తరవాతే.