2 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్: కమాండ్ లైన్ నుంచి కావలసినవే వేసుకోవడం ఎలా?

రెడీమేడ్ డెస్క్‌టాప్ వద్దు, కమాండ్ లైన్ (ఆదేశాలు టైప్ చేసే చోటు) నుంచే అవసరమైనవి వేసుకుంటాను, 2 జీబీ ర్యామ్‌కు అది చాలుతుందా అని అడిగారు కదా, బాగా చాలుతుంది. ప్రొద్దుటూరులో మా మామ ఎరువుల అంగడిలో అలాంటి లాప్‌టాప్‌కే నేనిది చేసిచ్చాను, బిల్లులు ఇప్పటికీ దాంట్లోనే కొడుతున్నారు.

డెబియన్ 12 నెట్‌ఇన్‌స్ట్ (మిగతాది నెట్ నుంచి తెచ్చుకునే చిన్న ఇన్‌స్టాలర్) తీసుకోండి. వైఫై కార్డు పనిచేయడానికి కావలసిన ఫర్మ్‌వేర్ ఆ వెర్షన్ నుంచే అధికారిక ఇన్‌స్టాలర్‌లో వస్తోంది, పైగా మీది 32 బిట్ మెషీన్ అయితే డెబియన్ 13కు ఇన్‌స్టాలరే లేదు. రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే మీ యూజర్‌కే సుడో, అంటే అడ్మిన్ ఆదేశాలు నడిపే హక్కు, వస్తుంది. చివర్లో సాఫ్ట్‌వేర్ ఎంపిక దగ్గర డెస్క్‌టాప్ టిక్కులన్నీ తీసేసి స్టాండర్డ్ సిస్టమ్ యుటిలిటీస్ ఒక్కటే ఉంచండి.

రీబూట్ అయ్యాక ప్యాకేజీలు వేసే ఆప్ట్ కమాండ్‌తో ఎక్స్‌ఆర్గ్ (తెరమీద బొమ్మలు చూపించేది), ఓపెన్‌బాక్స్ (విండోలను నడిపే తేలికైన ప్రోగ్రామ్), నెట్‌వర్క్ మేనేజర్ (నెట్ కనెక్షన్లు చూసుకునేది) వేసుకోండి, ప్రతిసారీ నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్ ఆప్షన్ ఇవ్వండి, లేకపోతే మీరు వద్దనుకున్నవన్నీ వెనకాలే వచ్చి కూర్చుంటాయి. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ ఫైల్ పెట్టి అందులో ఎగ్జెక్ ఓపెన్‌బాక్స్-సెషన్ అని ఒక్క లైను రాస్తే చాలు, స్టార్ట్‌ఎక్స్ కొట్టగానే డెస్క్‌టాప్ వస్తుంది.

చాలామంది ఆగిపోయేది వైఫై దగ్గర. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వాడిన కనెక్షన్‌ను ఇన్‌స్టాలర్ ఈటీసీ అనే సెట్టింగుల ఫోల్డర్‌లో ఉన్న నెట్‌వర్క్ ఫోల్డర్‌లోని ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో రాసేస్తుంది, ఆ ఫైల్‌లో పేరున్న కార్డును నెట్‌వర్క్ మేనేజర్ ముట్టుకోదు, అన్‌మేనేజ్డ్ అని చూపించి ఊరుకుంటుంది. 'లో' (lo) అనే లూప్‌బ్యాక్, అంటే మెషీన్ తనతో తానే మాట్లాడుకునే కనెక్షన్, లైన్లు ఉంచి, మీ కార్డు పేరున్న లైన్ల ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేయండి, తర్వాత నెట్‌వర్క్ మేనేజర్ మెనూ అయిన ఎన్‌ఎంటీయూఐలో వైఫై కనపడుతుంది. అప్పటిదాకా ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. మన కడప ఎండాకాలంలో ఆప్ట్ నడుస్తుండగానే కరెంటు పోయిందనుకోండి, పాత బ్యాటరీ ఆగదు, మెషీన్ తిరిగి లేచాక సుడోతో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ ఇవ్వండి, సగంలో ఆగిన ప్యాకేజీల అమరిక పూర్తవుతుంది.

తెలుగు మాత్రం మర్చిపోవద్దు, ఫాంట్ లేకపోతే మన అక్షరాల చోట డబ్బాలే కనిపిస్తాయి. ఫాంట్స్-లోహిత్-తెలు వేయండి, పోతన, వేమన ఫాంట్లు కావాలంటే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా. తెలుగు టైపింగ్‌కు ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ.

ఇక ర్యామ్‌ను నిజంగా తినేది బ్రౌజరే. జీర్యామ్-టూల్స్ వేసి స్వాప్‌ను (ర్యామ్ నిండితే వాడే అదనపు చోటు) ర్యామ్‌లోనే కుదించి పెట్టుకోండి, నాలుగైదు ట్యాబులు ఇబ్బంది లేకుండా నడుస్తాయి.