పొలం నీరు: మీ సందేహాలు, మా జవాబులు

మాది కదిరి దగ్గర పల్లె. ఎర్రనేల. 300 అడుగుల బోరు రెండేళ్లుగా ఎండిపోయింది. వానొచ్చినప్పుడు చేలో పారే నీళ్లను కాలువ తీసి బోరుకు దించిన కేసింగ్ గొట్టంలోకి వదిలితే మళ్లీ నీళ్లు పడతాయా?

నేరుగా వదలకండి. పారే నీటితో ఒండ్రు కూడా దిగుతుంది. అది రాతి పగుళ్లను పూడ్చేస్తే ఆ బోరును మళ్లీ బతికించడం చాలా కష్టం.

ముందు మీ బోరు నీళ్లు తాగుతుందో లేదో చూడండి. ఆరున్నర అంగుళాల బోరు 300 అడుగులు నిండడానికి దాదాపు 2,000 లీటర్లు చాలు. మోటారు బయటికి తీసి 5,000 లీటర్ల ట్యాంకరు తేట నీళ్లు పోయించండి. అన్నీ దిగిపోతే పగుళ్లు తెరుచుకునే ఉన్నట్టు. సగం పోయకముందే పైదాకా నిండి అలాగే నిలిచిపోతే, ఆ బోరు చుట్టూ నీళ్లు ఇంకే గుంత తవ్వడం డబ్బు దండగ.

తాగే బోరైతే కేసింగ్ చుట్టూ 6 అడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీయించండి. కేసింగ్ అంతకన్నా బాగా లోతుకు దిగి ఉండాలి, లేకపోతే అంచులు కూలి అసలు బోరే పోతుంది. గుంతలో కనిపించే కేసింగ్ కింది సగానికి పావంగుళంలోపు రంధ్రాలు వేసి, నైలాన్ జాలి మూడు నాలుగు చుట్లు బిగించండి. అడుగున 3 అడుగులు పెద్ద రాళ్లు, ఆపైన అడుగు చొప్పున 40 ఎంఎం, 20 ఎంఎం కంకర, మళ్లీ ఒక జాలి పరిచి అడుగు మందం ముతక ఇసుక. నీళ్లొచ్చే దారిలో ఇంకో చిన్న గుంత ఉంటే ఒండ్రు అక్కడే ఆగుతుంది. ఏటా తొలకరికి ముందు పై ఇసుక తీసి కడగాలి. ఈ పని మానేసే చాలామంది గుంతను పాడుచేసుకుంటారు. పశువుల కొట్టం నీళ్లు, మందు కొట్టిన చేలోని నీళ్లు మాత్రం అటు రానివ్వకండి.

రాళ్లు పోశాక ఆ గుంతలో పట్టేది 2,400 లీటర్లకు మించదు. 20 మి.మీ. వాన కురిస్తే ఒక్క ఎకరా మీదే 80,000 లీటర్లు పడతాయి. కాబట్టి గుంతను వడపోతగానే చూడండి. అసలు నిల్వ చేలోనే ఉండాలి: వాలుకు అడ్డంగా దున్నండి, గట్లు తెగిన చోట కట్టుకోండి. నీరు నెమ్మదిగా వస్తేనే గుంత దాన్ని తీసుకోగలదు.

మాది మహబూబ్‌నగర్ దిక్కు. చల్క నేల (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేల), పల్లి వేస్తం. చెరువు మట్టి ఎకరానికి ఎన్ని ట్రాలీలు కొట్టాలె?

ఎకరంలో ఒక సెంటీమీటరు మందం పరవాలంటే 40 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ట్రాలీకి 3 ఘనపు మీటర్లు పడితే 13, 14 ట్రాలీలు. చల్కకు రెండు సెంటీమీటర్లు, అంటే 27 దాకా చాలు. పల్లికి అంతకు మించొద్దు. బంకమట్టి ఎక్కువైతే పీకేటప్పుడు కాయలు భూమిలోనే తెగిపోతాయి.

మట్టి ఎక్కడి నుంచి తెస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. వాగు వచ్చి కలిసే చోట ఉండేది ఇసుకే. లోతట్టు నుంచి తీయాలి, కట్ట పక్కన మాత్రం తవ్వొద్దు. ఒక సీసాలో మూడో వంతు మట్టి పోసి, నీళ్లు నింపి, బాగా ఊపి పెట్టండి. నిమిషంలో అడుగుకు చేరేది ఇసుక. పోసిన మట్టిలో అదే సగానికి పైగా ఉంటే డీజిల్ ఖర్చు దండగ. ఎండాక తెల్లగా పొక్కే చౌడు మట్టినైతే తాకనే వద్దు. మంచి మట్టిలోనూ సర్కారు తుమ్మ గింజలుంటాయి, మొలిచిన మొదటి నెలలోనే పీకేయండి.

ఎండల్లో కుప్పలు ఆరి పెళ్లలు పగిలాక పరిచి, వానలకు ముందే ఆరంగుళాల లోతు కలియదున్నండి. పైపైనే వదిలేస్తే పొరకట్టి వాన నీళ్లు జారిపోతాయి. నల్లరేగడికి ఈ మట్టితో పని లేదు.

మామిడి పాదుల్లో ఎండాకులు ఎంత మందం వేయాలి?

మూడు నాలుగు అంగుళాలు. నీళ్లు పెట్టిన మర్నాడు, నేల తడిగా ఉండగానే వేయండి. మొదలు చుట్టూ జానెడు జాగా ఖాళీగా వదలాలి, లేకపోతే చెద మొదలుకే చేరుతుంది.