తమ్ముడి జీన్ రిపోర్టులో డిస్ఫెర్లిన్ ‘వీయూఎస్’ అని వచ్చింది. నేను మేనబావని చేసుకోవచ్చా?

మీ తమ్ముడికి 22 ఏళ్ళు, సీపీకే (కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 9 వేలు. బయాప్సీలో ఇన్‌ఫ్లమేషన్ కనబడిందని పాలీమయోసైటిస్ (కండలకి వాపు వచ్చే జబ్బు) అన్నారు, ఏడాదిగా స్టెరాయిడ్ వాడుతున్నారు. ఇప్పుడు జీన్ టెస్టులో డిస్ఫెర్లిన్ జీన్‌లో ఒకే మార్పు రెండు కాపీల్లోనూ (అమ్మ నుంచి వచ్చినదీ, నాన్న నుంచి వచ్చినదీ) ఉందనీ, అది ‘వీయూఎస్’ అనీ వచ్చింది. ఒక డాక్టరు ఇదే జబ్బన్నారు, ఇంకొకరు వీయూఎస్‌ని పట్టించుకోవద్దన్నారు. అమ్మానాన్నలది మేనరికం, మీకూ మేనమామ కొడుకుతో సంబంధం మాట్లాడుతున్నారు. ఇదీ మీరు రాసింది. నా సంగతీ ఇలాంటిదే: మా తమ్ముడిది డిస్ఫెర్లిన్ జబ్బే (కండలు మెల్లగా క్షీణించే మస్కులర్ డిస్ట్రఫీల్లో ఒకటి), మా అమ్మానాన్నలదీ మేనరికమే.

ముందు అమ్మదీ నాన్నదీ రక్తం టెస్టుకి పంపండి. ఆ ఫలితం వచ్చేదాకా ముహూర్తం పెట్టించకండి.

జీన్‌లో దొరికిన మార్పుని ల్యాబులు ఐదు రకాలుగా చెబుతాయి: జబ్బు తెచ్చేది, బహుశా తెచ్చేది, తేలనిది, బహుశా హాని లేనిది, హాని లేనిది. నడిమిది వీయూఎస్. అంటే ఎటూ చెప్పడానికి సాక్ష్యం ఇంకా చాలలేదని. కాబట్టి జబ్బు ఖాయమనడమూ తొందరే, పక్కన పడేయమనడమూ తొందరే. మేనరికపు ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంది. ఒకే ముత్తాత దగ్గరి డీఎన్ఏ ముక్క తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ పిల్లాడికి చేరుతుంది కాబట్టి, ఏ హానీ లేని అరుదైన మార్పులు కూడా రెండు కాపీల్లో కనబడుతుంటాయి. రెండు కాపీల్లో ఉంది కదా అని జబ్బు అంటగట్టలేం. ఇంకోవైపు, ఒక కాపీలో మార్పు ఉండి, రెండో కాపీలో ఆ ముక్కే లేకుండా పోయినా రిపోర్టు అచ్చం ఇలాగే వస్తుంది. అమ్మానాన్నల్ని చూస్తే అది విడిపోతుంది. మీ రక్తమూ ఇవ్వండి. ఏ ఇబ్బందీ లేని పెద్ద అక్కకో అన్నకో అదే మార్పు రెండు కాపీల్లో ఉండి సీపీకే నార్మల్‌గా ఉంటే, ఆ మార్పు మీద అనుమానం చాలావరకు తగ్గిపోతుంది.

రెండోది, ఆ జీన్ తయారుచేసే ప్రోటీన్‌ని నేరుగా చూడటం. డిస్ఫెర్లిన్ కండలోనే కాదు, రక్తంలోని మోనోసైట్లలో (ఒక రకం తెల్లకణాలు) కూడా ఉంటుంది, అందుకని రక్తంతోనూ చూడొచ్చు. మీ వాడికి బయాప్సీ అయింది కాబట్టి ఆ కండ ముక్క ఉన్న బ్లాక్ దాచి ఉంచారేమో అడగండి, దాని మీద డిస్ఫెర్లిన్ స్టెయినింగ్ చేయించవచ్చు. మా వాడికి ప్రోటీన్ దాదాపు లేదని వచ్చింది, అమ్మానాన్నలకి ఒక్కో కాపీలో మార్పు ఉందని తేలింది. ఆ రెండూ పంపాక ల్యాబువాళ్ళు వీయూఎస్ తీసేసి ‘బహుశా జబ్బు తెచ్చేది’ అని రిపోర్టు మార్చి ఇచ్చారు.

స్టెరాయిడ్ సంగతి నాకు ఎక్కువ బెంగగా ఉంది. పని చేసేటప్పుడు కండ కణం పైపొర చిన్న చిన్నగా చిరుగుతూనే ఉంటుంది. ఆ చిరుగుల్ని వెంటనే మూసే పనిలో డిస్ఫెర్లిన్‌ది ముఖ్యపాత్ర. అది లేకపోతే కణాలు దెబ్బతిని చుట్టూ ఇన్‌ఫ్లమేషన్ చేరుతుంది, బయాప్సీ చూసినవాళ్ళకి పాలీమయోసైటిస్‌లా కనబడుతుంది. ఈ జబ్బులో ఇలా పొరబడటం చాలా మామూలు. జర్మనీలో జరిగిన ఒక ట్రయల్‌లో డెఫ్లాజకార్ట్ అనే స్టెరాయిడ్ వల్ల వీళ్ళకి మేలు కనబడలేదు, బలం ఇంకాస్త తగ్గింది కూడా. ఆ వ్యాసం 2013లో వచ్చింది. అలాగని మీ అంతట మీరు మాత్రలు ఆపేయకండి, ఏడాది వాడిన స్టెరాయిడ్‌ని ఒక్కసారి ఆపితే ప్రాణం మీదకి వస్తుంది. న్యూరాలజిస్టుతో ఈ మాట చెప్పి, మెల్లగా తగ్గించాలో వద్దో ఆయన్నే నిర్ణయించమనండి.

మీ తమ్ముణ్ణి గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి నిలబడమనండి. మా వాడు కాలేజీలో వాలీబాల్ ఆడినవాడు. ఒక పండక్కి అటక మీది ఇత్తడి గిన్నె అందుకోబోయి మడమలు నేల మీంచి లేవక అలాగే నిలబడిపోయాడు. పిక్కలు అప్పటికే సన్నబడ్డాయి, మేమే గమనించలేదు. డిస్ఫెర్లిన్ జబ్బు కొందరిలో ఇలా పిక్కలతో, కొందరిలో తొడలూ నడుముతో మొదలవుతుంది, ఎక్కువగా పదిహేను దాటాక, ఇరవైల్లో. అంతకుముందు ఒక ఆసుపత్రిలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగాయని లివరుకి మందులిచ్చారు. అవి కండ నుంచి కూడా వస్తాయి. లివరు టెస్టులు తేడాగా ఉన్న కుర్రాడికి సీపీకే కూడా చూడమని ప్రతి ఇంట్లోనూ తెలియాలని నా కోరిక.

ఇక పెళ్ళి. ఆ మార్పు జబ్బు తెచ్చేదేనని తేలిందనుకుందాం. మీకు జబ్బు లేకపోతే మీరు క్యారియర్ (ఒక కాపీలోనే మార్పు ఉండి జబ్బు లేని మనిషి) అయ్యే అవకాశం 3లో 2. అమ్మ క్యారియర్ కాబట్టి మేనమామకి 2లో 1, ఆయన కొడుక్కి 4లో 1. ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 4లో 1. అన్నీ గుణిస్తే 24లో 1 వస్తుంది. మీ బావ తల్లి కూడా మీ వంశంలోని మనిషే అయితే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. కానీ ఈ లెక్కతో బతకక్కర్లేదు, మీ ఇద్దరికీ ఆ ఒక్క మార్పునే వెతికే టెస్టు చేస్తారు. ఇద్దరిలో ఒకరికి లేకపోతే దాదాపు భయం లేదు. ఇద్దరికీ ఉంటే ఆ 4లో 1 నిజమవుతుంది. అప్పుడు కూడా మూడో నెలలో మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకి ఉందో లేదో చూసే వీలుంది. నా అభిప్రాయం అడిగితే, ఇద్దరూ క్యారియర్లని తెలిశాక ఆ సంబంధం వద్దంటాను. నేను అలాగే వద్దన్నాను. పెద్దవాళ్ళు కొన్నాళ్ళు మాట్లాడలేదు, తరవాత మాట్లాడారు.

హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రిలోనూ, సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన సంస్థలోనూ జెనెటిక్స్ వాళ్ళున్నారు. రిపోర్టుతో పాటు బయాప్సీ కాగితాలు, మూడు తరాల చుట్టరికాల పటం ఒకటి చేత్తో గీసి తీసుకెళ్ళండి, అమ్మానాన్నల్ని కూడా వెంట తీసుకెళ్ళండి. జబ్బుని ఆపే మందు ఇంకా రాలేదు. జిమ్‌లో బరువులు మాన్పించి, ఫిజియోథెరపిస్టు చెప్పిన తేలికపాటి వ్యాయామం చేయించండి. మస్కులర్ డిస్ట్రఫీ 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది, జబ్బు ఖాయమైతే యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డుకి దరఖాస్తు పెట్టండి.