గ్రీన్ కార్డు వరుసలో ఉండగా ఉద్యోగం కదిలితే పొదుపు సొమ్మును ఏం చేయాలి?

ప్రశ్న: పదేళ్లుగా చికాగో శివారు నేపర్‌విల్‌లో ఉంటున్నాము. మా వారిది హెచ్-1బి ఉద్యోగ వీసా. ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు ఇచ్చే ఈబీ-2 కోటాలో ఐ-140 (యజమాని వేసే గ్రీన్ కార్డు పిటిషన్) మంజూరైంది, ప్రయారిటీ డేట్ (వరుసలో మా స్థానాన్ని నిర్ణయించే తేదీ) 2016 మార్చి. నేను హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వారి జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నాను. బాబుకు 14 ఏళ్లు, ఇక్కడే పుట్టిన పాపకు 6 ఏళ్లు. మా వారి కంపెనీలో ఉద్యోగాలు తీసేస్తున్నారు. బ్యాంకులో 62,000 డాలర్లు, 401కె (కంపెనీ ద్వారా చేసే పదవీ విరమణ పొదుపు) ఖాతాలో 90,000 డాలర్లు ఉన్నాయి. నెల ఖర్చు 5,800 డాలర్లు. తెలిసిన కన్సల్టెన్సీ ఆయన 18,000 డాలర్లు ఇస్తే మేనేజర్ల కోటాలో రెండేళ్లలో గ్రీన్ కార్డు వస్తుందంటున్నారు. 401కె నుంచి తీసి ఇవ్వవచ్చా? ఇల్లు కొనవచ్చా?

సమాధానం: ఆ 18,000 డాలర్లు ఇవ్వకండి. ఆయన చెబుతున్న కోటా ఈబీ-1లోని బహుళజాతి సంస్థల మేనేజర్లది. అమెరికాకు రాకముందు మూడేళ్లలో కనీసం ఒక ఏడాది, విదేశంలో అదే సంస్థలోనో దాని అనుబంధ సంస్థలోనో మేనేజరుగా పనిచేసినవారికే అది వర్తిస్తుంది. మీ వారు పదేళ్లుగా చికాగోలోనే, వేరే కంపెనీలో పనిచేస్తున్నారు కనుక, ఆ అర్హత కాగితం మీద సృష్టించవలసిందే తప్ప నిజంగా లేదు. తప్పుడు పత్రంతో వలస ప్రయోజనం కోరినట్టు తేలితే అమెరికాలో ప్రవేశానికి జీవితాంతం అనర్హత వస్తుంది, పదేళ్ల నిరీక్షణ కూడా దానితోనే పోతుంది. పైగా ఆ కోటాలోనూ భారతీయులకు వరుస ఉంది. అదే వ్యక్తి రేపు హెచ్-1బి ఫీజో లేబర్ సర్టిఫికేషన్ (గ్రీన్ కార్డు పిటిషన్‌కు ముందు కార్మిక శాఖ ఇచ్చే ధ్రువీకరణ) ఖర్చో మీరే భరించాలంటే, వాటిని యజమానే పెట్టుకోవాలన్నది నిబంధన అని గుర్తుంచుకోండి. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే పేరుతో ప్రభుత్వమే ఉచ్చుగా నడిపిన యూనివర్సిటీలో చిక్కుకున్నవారిలో మన తెలుగు విద్యార్థులు చాలామంది ఉన్నారు. వాళ్లనూ దళారులే చేర్పించారు. ఆ కుటుంబాలు పోగొట్టుకున్నది ఫీజు డబ్బులు మాత్రమే కాదు, అందుకే ఈ విషయంలో ఇంత కఠినంగా చెబుతున్నాను.

ఇక మీ అసలు ప్రమాదం గురించి మాట్లాడుకుందాం. మీ ఇంట్లో రెండు జీతాలు ఉన్నాయని అనుకుంటున్నారు గానీ, మీ పని అనుమతి మీ వారి హోదా మీదే ఆధారపడి ఉంది కనుక, రెండు జీతాలూ ఒకే ఉద్యోగానికి కట్టి ఉన్నాయి. ఉద్యోగం పోయిన నాటి నుంచి ఆయనకు గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపల కొత్త యజమాని పిటిషన్ వేయాలి, లేదా సందర్శకుల హోదా వంటిదానికి మార్పు కోరాలి, లేదా దేశం విడవాలి. సందర్శకుల హోదాకు దరఖాస్తు పెండింగులో ఉన్నంత కాలం ఉండవచ్చు గానీ పని చేయకూడదు. అందుకే ఆరు నెలలు ఒక్క డాలరు ఆదాయం కూడా లేకుండా గడపగల సొమ్ము విడిగా ఉండాలంటాను. మీ లెక్కన ఖర్చులు 34,800. కంపెనీ ఆరోగ్య బీమా ఆగిపోయాక కోబ్రా చట్టం కింద కొనసాగిస్తే మొత్తం ప్రీమియం మీరే కట్టాలి. నలుగురికి నెలకు 2,000 డాలర్లు అనుకుంటే 12,000. తిరిగి వెళ్లవలసి వస్తే టిక్కెట్లకు, సామానుకు, అద్దె ఒప్పందం రద్దుకు ఒక 8,000. మొత్తం 54,800 డాలర్లు. మిగిలిన 7,200లో, వరుస వచ్చినప్పుడు మీకు, మీ వారికి, బాబుకు ఐ-485 (గ్రీన్ కార్డు తుది దరఖాస్తు) రుసుము ఒక్కొక్కరికి 1,440 చొప్పున 4,320 పక్కన పెట్టండి (ఇది 2024 ఏప్రిల్ నుంచి ఉన్న రేటు). చివరికి 2,880 మిగులుతుంది. అది మంచి ఇమ్మిగ్రేషన్ లాయరుకు. ఈ సొమ్మంతా సేవింగ్స్ ఖాతాలోనో స్వల్పకాలిక డిపాజిట్లలోనో ఉండాలి, షేర్లలో పెట్టవద్దు.

401కెను తాకకండి. 59½ ఏళ్లు నిండకముందు తీసుకుంటే సాధారణంగా 10 శాతం జరిమానా, తీసిన సొమ్ముపై ఆదాయపన్ను కూడా పడతాయి. 22 శాతం శ్లాబులో ఉంటే 20,000 డాలర్లకు ఫెడరల్ పన్నులోనే 6,400 పోతుంది. అప్పుగా తీసుకుని తర్వాత ఉద్యోగం పోతే, మిగిలిన అప్పును సకాలంలో సర్దుబాటు చేయకపోతే దాన్ని ఉపసంహరణగానే లెక్కిస్తారు. ఇండియాకు తిరిగి వెళ్లినా ఆ ఖాతాను వెంటనే మూసివేయనక్కరలేదు.

బాబు విషయం ఇప్పుడే చూడండి. 21 ఏళ్లు నిండేసరికి మీ తేదీ రాకపోతే, ఆధారపడిన బిడ్డగా బాబు హోదా ముగుస్తుంది. చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ ప్రకారం ఐ-140 ఎన్ని రోజులు పెండింగులో ఉందో అన్ని రోజులు వయసులో నుంచి తగ్గిస్తారు, అయితే ప్రీమియం ప్రాసెసింగ్‌లో (అదనపు రుసుముతో త్వరగా పరిశీలించే పద్ధతిలో) వేసినవారికి ఆ తగ్గింపు కొద్ది రోజులే. 2025లో భారతీయుల ఈబీ-2 తుది తేదీ (ఏ ప్రయారిటీ డేట్ వరకు గ్రీన్ కార్డు ఇస్తున్నారో ఆ తేదీ) 2013ను దాటలేదు కనుక మీ 2016 తేదీని ఈ ఏడేళ్లలో అందుకుంటుందని ధైర్యంగా చెప్పలేను. కాలేజీకి వచ్చేసరికి బాబే సొంతంగా ఎఫ్-1 విద్యార్థి వీసా తీసుకోవలసి రావచ్చని ఊహించి, రాష్ట్ర నివాసులకుండే తక్కువ ఫీజు వర్తిస్తుందో లేదో హైస్కూలు కౌన్సెలరును ముందే అడగండి. ఉద్యోగం నిలిస్తే నెలనెలా 529 పథకంలో (చదువు కోసం పన్ను రాయితీ ఉన్న ఖాతాలో) పొదుపు చేయండి. లబ్ధిదారుగా ఒకరిని పెట్టి, అవసరమైతే తోబుట్టువుకు పన్ను లేకుండా మార్చుకునే వీలుంది.

మీ వల్ల కాగల ఒక పని ఉంది. మీ యజమాని సమ్మతిస్తే మార్చి నెలలో హెచ్-1బి లాటరీకి మీ పేరు నమోదు చేయించండి. ఎంపికై పిటిషన్ మంజూరైతే, మీ వారి ఉద్యోగం పోయినా మీరే ప్రధాన వీసాదారు అవుతారు, ఆయన హెచ్-4లోకి మారవచ్చు. ఇల్లు మాత్రం ఇప్పుడు వద్దు. కొన్న ఏడాదిలోనే అమ్మవలసి వస్తే ఏజెంటు కమిషనూ క్లోజింగ్ ఖర్చులూ కలిపి మీ డౌన్ పేమెంటులో పెద్ద భాగాన్ని తినేస్తాయి.

లాయరును ఎంచుకునే ముందు ఆయన పేరు ఇల్లినాయి న్యాయవాదుల నమోదు సంస్థ ఏఆర్‌డీసీ వెబ్‌సైటులోనో, వేరే రాష్ట్రపు బార్ జాబితాలోనో ఉందేమో చూసుకోండి. అంతకన్నా ముందు, ఈ వారంలోనే, ఐ-140 మంజూరు పత్రం నకలు, లేబర్ సర్టిఫికేషన్ వివరాలు, చివరి మూడు పేస్లిప్పులు మీ వారి ఆఫీసు లాప్‌టాప్‌లో కాకుండా మీ ఇంట్లో ఉండేలా చూడండి. ఐ-140 మంజూరై 180 రోజులు దాటితే కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆ 2016 తేదీ మీదే. కొత్త యజమాని మళ్లీ లేబర్ సర్టిఫికేషన్, ఐ-140 వేసినప్పుడు ఆ పాత తేదీనే కోరాలి, అందుకు ఆ నకలు చేతిలో ఉండాలి.