జర్మనీ కన్సల్టింగ్ ఉద్యోగం: విమానం ఎక్కే ముందు పెదనాన్న ఉత్తరం

చి. అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎస్‌ఏపీ (కంపెనీల లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) ఫైనాన్స్ కన్సల్టెంట్‌గా ఆఫర్ వచ్చిందని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. అయితే ఒక్క మాట. అక్కడ ప్రొబేషన్ సాధారణంగా ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో రెండు వారాల నోటీసు ఇచ్చి పంపించేయొచ్చు. ఏడాది పాటు బీమా కట్టకుండా నిరుద్యోగ భృతి కూడా రాదు. అందుకని ఇప్పుడు నువ్వు చేసుకునే ప్రతి ఏర్పాటూ ఆ ఆరు నెలలు గట్టెక్కడానికే అనుకో.

ముందు కాంట్రాక్టు చూడు. బ్లూ కార్డుకు, అంటే డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతికి, 2026లో ఏడాది జీతం కనీసం 50,700 యూరోలు ఉండాలి. ఐటీ లాంటి కొరత ఉన్న వృత్తులకైతే 45,934 యూరోల పైచిలుకు సరిపోతుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. లెక్కలోకి వచ్చేది కచ్చితంగా ఇస్తామని రాసిన జీతమే, పనితీరును బట్టి ఇచ్చే బోనస్ కాదు. "44 వేలు, పైన 8 వేల బోనస్" అంటే కాగితం మీద 52 వేలు కనిపిస్తుంది గానీ వీసా ఆఫీసు 44 వేలే చూస్తుంది. ప్రయాణాల సమయాన్ని పనిగంటల్లో కలుపుతారా లేదా అన్నది కూడా రాతపూర్వకంగా అడుగు. వారానికి రెండుసార్లు రైలెక్కాల్సిన ఉద్యోగం ఇది.

డిగ్రీ విషయానికొస్తే, అనాబిన్ అనే జర్మన్ డేటాబేస్‌లో నీ కాలేజీ పేరు కాదు, డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ పేరు వెతుకు. పక్కన హెచ్ ప్లస్ అని ఉండాలి, గుర్తింపు ఉందని దాని అర్థం. నీ డిగ్రీ పేరు కూడా విడిగా అక్కడ ఉండాలి. రెండు పేజీలూ ప్రింట్ తీసి పెట్టుకో. డిగ్రీ దొరక్కపోతే విదేశీ డిగ్రీలను పరిశీలించే జెడ్‌ఏబీ అనే జర్మన్ ఆఫీసు నుంచి సమానత్వ పత్రం తెప్పించుకోవాలి, ఫీజు 208 యూరోలు. ప్రొవిజనల్‌తో సరిపెట్టుకోకు, ఓడీకి (ఒరిజినల్ డిగ్రీకి) ఇప్పుడే అప్లై చెయ్యి.

పేరు సంగతి ఇంకా ముఖ్యం. మనవాళ్లకు సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరికైతే పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. నీదీ అలాగే ఉంటే వీసాకు ముందే మార్పించుకో. ఎందుకంటే జర్మనీలో మనిషిని గుర్తించేది ఇంటిపేరుతోనే, ఉత్తరాలొచ్చేదీ దాని మీదే. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. అది ఇవ్వనంటే ఆ గది ఎంత బాగున్నా వద్దు. నమోదయ్యాక రెండు మూడు వారాలకు టాక్స్ నంబరు పోస్టులో వస్తుంది. కింద పోస్టు డబ్బా మీద నీ ఇంటిపేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఆ కవరు వెనక్కి పంపేస్తాడు. నంబరు అందకపోతే కంపెనీ నీ జీతాన్ని ఆరో టాక్స్ క్లాసులో వేయొచ్చు, అన్నిటికన్నా ఎక్కువ కోత అందులోనే. ఆ డబ్బు తర్వాత తిరిగొస్తుందనుకో, కానీ మొదటి నెల చేతిలో ఉండదు. అందుకే తాళాలు తీసుకున్న రోజే చిన్న కాగితం మీద పేరు రాసి డబ్బాకు అంటించెయ్.

అడ్వాన్సు మూడు నెలల మూల అద్దె దాకా అడుగుతారు. అద్దె 900 యూరోలైతే 2,700. చట్టం ప్రకారం మూడు వాయిదాల్లో కట్టొచ్చు. ఖాళీ ఫ్లాట్లలో చాలాచోట్ల వంటగదిలో సింకు కూడా ఉండదు, కాబట్టి మొదటి ఆరు నెలలకు సామాన్లున్న గదే తీసుకో.

ఇక అసలు విషయం, భాష. ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో అయిందని నిశ్చింతగా ఉండకు. ఎస్‌ఏపీ పాత వెర్షన్ ఈసీసీకి మామూలు సపోర్టు 2027 చివరితో ఆగిపోతుంది. అందుకే కొత్త వెర్షన్ ఎస్‌ఫోర్‌హానాకు మారే ప్రాజెక్టులు బోలెడు. కానీ ఆ క్లయింట్లలో చాలామంది చిన్న ఊళ్లలోని ఫ్యాక్టరీల వాళ్లు, వాళ్ల అకౌంట్స్ విభాగం మాట్లాడేది జర్మనే. భాష రాకపోతే ప్రాజెక్టు ఇవ్వరు, పని లేకుండా బెంచ్ మీద ఉంటావు, బెంచ్ మీదున్న వాళ్లనే ప్రొబేషన్‌లో పంపిస్తారు. జర్మన్‌లో బీ1 (మధ్యస్థాయి) పూర్తి చేసి బయల్దేరు, ఏడాదిలో దాని పై స్థాయి బీ2 చెయ్యి. హైదరాబాద్ గోథె సెంట్రమ్‌లో క్లాసులున్నాయి. ఈలోగా ఎస్‌ఏపీ ప్రాక్టీసు సిస్టమ్‌లో లాగిన్ అయ్యేటప్పుడు భాష దగ్గర ఈఎన్ (ఇంగ్లిష్) బదులు డీఈ (జర్మన్) కొట్టు. బుఖుంగ్స్‌క్రైస్ అంటే కంపెనీ కోడ్, కోస్టెన్‌ష్టెల్లె అంటే కాస్ట్ సెంటర్. రోజూ కళ్లపడితే నెలలో అలవాటవుతాయి. అంకెలతో మాత్రం జాగ్రత్త. 45ను వాళ్లు "ఐదూ నలభై" అన్నట్టు పలుకుతారు, వినేటప్పుడు 54 అని రాసేసుకుంటాం. 1.250 అని రాస్తే పన్నెండు వందల యాభై, దశాంశానికి కామా పెడతారు. ఫోన్లో విన్న ప్రతి మొత్తాన్నీ మెయిల్‌లో రాసి ఖాయం చేసుకో.

మీటింగులో "చూద్దాం, చేసేద్దాం" అనే మన మర్యాద మాట అక్కడ పనికిరాదు. దాన్ని మాట ఇచ్చినట్టే రాసుకుంటారు. కుదరకపోతే కుదరదనే చెప్పి, ఎందుకో చెప్పు. అందుకు ఎవరూ నొచ్చుకోరు.

వేరే దేశంలో క్లయింటు దగ్గరికి పంపితే, ఈయూ లోపలైతే ఏ1 సర్టిఫికెట్ (నీ సామాజిక బీమా జర్మనీలోనే ఉందని చెప్పే పత్రం) తీశారా అని హెచ్‌ఆర్‌ను ప్రతిసారీ అడుగు. లండన్‌కు బ్లూ కార్డు చెల్లదు. జూరిచ్ షెంగెన్ ఉమ్మడి వీసా ప్రాంతంలోదే అయినా అక్కడ పని నియమాలు వేరు, నోటిమాట మీద వెళ్లకు.

ఇక్కడి బ్యాంకు ఖాతాను వెళ్లాక ఎన్‌ఆర్‌ఓగా (ప్రవాసుల ఖాతాగా) మార్పించాలి, ఆ ఫారాలు ఇప్పుడే తెచ్చి పెట్టుకో.

కాంట్రాక్టు స్కాన్ చేసి పంపించు. నేను చూశాకే సంతకం పెట్టు.

మీ పెదనాన్న