ఆయన డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఇల్లు గడిచేదెలా?

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు సైనికుల ఇళ్ల నుంచే వచ్చాయి. భర్తో, కొడుకో, తండ్రో నెలల తరబడి దూరంగా డ్యూటీలో ఉంటే వెనక ఇంట్లోవాళ్లు ఎలా నెట్టుకురావాలన్నదే అందరి ప్రశ్న. నేనూ సైనికుడి భార్యనే, యూనిట్ కుటుంబాల గ్రూపు పనులు చాలాకాలం చూసినదాన్నే కాబట్టి ఇవన్నీ నా దగ్గరికే వచ్చాయి. పేర్లూ ఊర్లూ తీసేసి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా వారు ఫీల్డ్‌కి, అంటే కుటుంబాన్ని వెంట తీసుకెళ్లలేని డ్యూటీకి, వెళ్లి నెల దాటింది. ఇంట్లో నేను, నాలుగేళ్ల బాబు. "ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడుగమ్మా" అని అందరూ అంటున్నారు, కానీ నోరు తెరిచి ఎవర్నీ ఏదీ అడగలేకపోతున్నాను. అడిగితే ఈవిడకి ఒక్కతే ఇల్లు నడపడం చేతకాదు అనుకుంటారేమోనని భయం.

జవాబు: చెల్లీ, ఈ ఇబ్బంది నీ ఒక్కదానిదే కాదు, దాదాపు అందరిదీ. ఆ మాట అన్నవాళ్లు మనస్ఫూర్తిగానే అంటారు, అయితే దాంతో భారమంతా మళ్లీ నీ మీదే పడుతుంది. ఏం అడగాలో నువ్వే ఆలోచించాలి, ఎవరికి తీరిక ఉందో నువ్వే ఊహించాలి, కాదంటే ఎలా అన్న టెన్షన్ కూడా నువ్వే పడాలి. అందుకే ముందు ఒక కాగితం తీసుకుని వారంలో నీకు ఊపిరాడని వేళలు ఏవో రాసుకో. స్కూల్ వదిలే టైముకి నువ్వు ఆఫీసులో ఇరుక్కునే రోజు, బ్యాంకుకో ఆస్పత్రికో వెళ్లాలంటే బాబుని ఎవరి దగ్గర వదలాలో తెలియని రోజు, ఇలాంటివి. తర్వాత ఒక్కోదానికి ఒక్కో మనిషిని అనుకో. "అక్కా, ప్రతి గురువారం సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా బాబు మీ ఇంట్లో ఉండొచ్చా?" అని అడిగితే ఆవిడ అవుననో కాదనో తేలిగ్గా చెప్పేస్తుంది. కాదన్నా అది ఆ గురువారం సంగతే, నీకూ ఆవిడకీ మధ్య ఏమీ చెడిపోదు. పైగా పని ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో తెలిస్తే మనుషులు సంతోషంగా చేస్తారు, ఇది నేను పదేపదే చూశాను.

ఇంకొకటి, దీన్ని మాత్రం వాయిదా వెయ్యకు. అర్ధరాత్రి ఫోన్ చేసినా లేచి వచ్చే మనిషి ఒకరు కావాలి, ఇంటి రెండో తాళంచెవి వాళ్ల దగ్గర ఉండాలి. ఆయన సర్వీస్ నంబరు, ర్యాంకు, యూనిట్ పేరు, యూనిట్ తరఫున కుటుంబాల సంగతి చూసేవాళ్ల ఫోన్ నంబరు, బాబు బ్లడ్ గ్రూపు, పడని మందులు, ఇవన్నీ ఒకే కాగితం మీద రాసి బీరువాలో ఒకచోట పెట్టి, ఎక్కడుందో ఆ మనిషికి చెప్పు. నిజంగా అత్యవసరం వచ్చినప్పుడు ఆయనకి కబురు త్వరగా అందాలంటే ఈ వివరాలు చేతిలో ఉండాలి, ఆ కంగారులో వెతకడం ఎవరి వల్లా కాదు.

సాయం తీసుకోవడానికి ఏర్పాట్లు కూడా ఉన్నాయి, వాటిని వాడుకో. మన ఆర్మీ కుటుంబాల కోసం ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్, అందరూ ఆవా అంటారు, 1966 నుంచి పనిచేస్తోంది, నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కి వాటి వాటి సంఘాలు వేరుగా ఉన్నాయి. అక్కడికి వెళ్లడమంటే చేతకాకపోవడం అని ఎవరైనా అంటే, అది మనలాంటివాళ్ల కోసమే పెట్టారని చెప్పు.

ప్రశ్న: అదే బాబు గురించి ఇంకో మాట. నాన్న వీడియో కాల్ చేస్తే వాడు ఫోన్ దగ్గరికే రావడం లేదు, పారిపోతున్నాడు. ఆయన చాలా బాధపడుతున్నారు. మళ్లీ రాత్రి నిద్రలో "నాన్న ఎప్పుడొస్తాడు" అని ఏడుస్తాడు.

జవాబు: నాన్న మీద ప్రేమ లేకపోతే రాత్రి ఏడవడు కదా. ఈ వయసు పిల్లలకి ఫోన్‌లో కబుర్లు చెప్పడం రాదు. "ఏం చేస్తున్నావు, తిన్నావా, స్కూల్లో ఏం చెప్పారు" అని వరసగా అడిగితే పెద్దవాళ్లకే విసుగు, వాడు పారిపోడూ? పైగా సిగ్నల్ దొరికినప్పుడే కాల్ వస్తుంది, అప్పటికి వాడు ఆటలో ఉంటాడు, లేదా నిద్రకి తూగుతుంటాడు. ఆయనతో చెప్పు, ప్రశ్నలు మానేసి వాడితో ఏదైనా చెయ్యమను. ఫోన్‌ని నేల మీద ఆనించి పెట్టి వాడు బొమ్మ కార్లు వరసగా పేరుస్తుంటే ఆయన అవతల నుంచి "ఎర్రది ముందుకి తొయ్యరా, నీలం కారు వెనకబడింది" అంటూ ఉంటే చాలు, మాట్లాడకుండానే పది నిమిషాలు గడుస్తాయి.

కాల్ దొరకని రోజుల కోసం ఆయన గొంతు ఇంట్లో దాచిపెట్టుకోండి. 1989లో అమెరికాలో బెట్టీ మోలెన్‌బ్రాక్ అనే ఆవిడ, నేవీలో ఉన్న తన భర్త డ్యూటీ నుంచి తిరిగొస్తే పసికూతురు ఆయన్ని గుర్తుపట్టకపోవడం చూసి, దూరంగా ఉన్న తండ్రులూ తల్లులూ కథల పుస్తకం చదువుతుంటే వీడియో తీసి ఇంటికి పంపే సంస్థ మొదలుపెట్టారు. ఇప్పటికీ అది నడుస్తోంది. మనకి సంస్థ కూడా అక్కర్లేదు, ఫోన్ ఉంటే చాలు. ఈసారి లీవ్‌కి వచ్చినప్పుడు వాడికి ఇష్టమైన నాలుగు కథలు చదివించి రికార్డు చెయ్యి, మధ్యలో వాడి పేరు పలకమను, పేజీ తిప్పమని చెప్పమను. వాడు పుస్తకం ఒళ్లో పెట్టుకుని నాన్న చెప్పినప్పుడల్లా పేజీ తిప్పుతాడు. అప్పటిదాకా వాయిస్ మెసేజ్‌లు పంపినా సరిపోతుంది. 2006లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో నేషనల్ గార్డ్ అనే సైనిక దళం వాళ్లు, డ్యూటీకి వెళ్లిన తండ్రి ఫొటోని నడుం నుంచి పైకి, అచ్చం మనిషంత సైజులో, అట్టకి అంటించుకునేలా కుటుంబాలకి ఇచ్చారు. కొందరు పిల్లలు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంటారు, కొందరికి చూస్తే ఏడుపొస్తుంది, కాబట్టి ఫొటో విషయంలో వాడి ఇష్టానికే వదిలెయ్.

ఇక "ఎప్పుడొస్తాడు" అన్నదానికి "రేపు" అని మాత్రం చెప్పొద్దు. తేదీ మారినా మారుతుంది, రెండుసార్లు అబద్ధమైతే మూడోసారి వాడు నిన్ను కూడా నమ్మడు. "చాలా రోజులు పడుతుంది, వచ్చేముందు నీకు తప్పకుండా చెప్తాను" అను. అలాగే పెద్దవాళ్లు ముద్దుగా "ఇక ఇంటికి మగదిక్కు నువ్వేరా" అంటుంటారు. నాలుగేళ్లవాడి మీద అంత బరువు పెట్టొద్దని వాళ్లకి గట్టిగానే చెప్పాలి, నీకు ఎంత మొహమాటంగా ఉన్నా సరే. టీచర్‌కి కూడా ఒక్క మాట చెప్పి ఉంచు, వాడు క్లాసులో ఉన్నట్టుండి మొండికేసినా, మాట్లాడకుండా కూర్చున్నా ఎందుకో ఆవిడకి తెలుస్తుంది.

ప్రశ్న: మేం యూనిట్ కుటుంబాలన్నీ నెలకోసారి కలవాలని మొదలుపెట్టాం. మొదట్లో బాగానే వచ్చారు, ఇప్పుడు అయిదారుగురు మిగిలాం. ఆటలు, పోటీలు, బహుమతులు అన్నీ పెట్టి చూశాం. ఇంకేం చెయ్యాలి?

జవాబు: పోటీలు తగ్గించండి. రోజంతా ఒంటరిగా ఇల్లూ పిల్లలూ చూసుకుని అలిసిపోయినవాళ్లకి తయారై వచ్చి గెలవడమో ఓడడమో అనేది ఇంకో పని. వాళ్లు రావాలంటే మూడు చూడండి: రోజు మారకూడదు, పిల్లల్ని ఆడించే మనిషి అక్కడే ఉండాలి, అన్న టైముకి అయిపోవాలి. ఇందులో రెండోది లేకపోతే మిగతావి ఎన్ని పెట్టినా దండగే.

ఆ తర్వాత చేతికి పనో, గొంతుకి పనో ఇవ్వండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి "మీ బాధ చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. 2010లో ఇంగ్లండ్‌లోని కాటెరిక్ సైనిక స్థావరంలో, భర్తలు అఫ్గానిస్తాన్‌లో ఉన్నప్పుడు ఇద్దరు ఆడవాళ్లు అందరం కలిసి పాడుకుందామని ఒక బృందం మొదలుపెట్టారు. ఇప్పుడు అలాంటివి ఎన్నో స్థావరాల్లో ఉన్నాయి. ఎందుకు నిలబడింది అంటే నాకు తోచేది ఇది, పాడేటప్పుడు ఎవరూ ఏమీ చెప్పుకోనక్కర్లేదు, అయినా ఒక గొంతు తగ్గితే అందరికీ తెలుస్తుంది, "ఈవారం రాలేదేం" అని ఫోన్ వెళుతుంది. మీ దగ్గర పాటే కావాలనేం లేదు. ఒకరు స్కూటీ నేర్పండి, ఒకరు ఆన్‌లైన్ ఫారాలు నింపడం చూపించండి, కుట్టు వచ్చినవాళ్లు మెషిన్ ముందు కూర్చోండి. చేతులు పనిలో ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి.

ర్యాంకు సంగతి కూడా సూటిగా చెప్పాలి. ఆఫీసర్ల భార్యలు ముందు వరస కుర్చీల్లో, జవాన్ల భార్యలు వెనక నిలబడి చప్పట్లు కొడుతూ, ఇలా నడిస్తే వెనకవాళ్లు రెండోసారి రారు, రాకపోవడం న్యాయమే. కుర్చీలు గుండ్రంగా వెయ్యండి, కార్యక్రమం ఏం పెట్టాలో అందరినీ అడగండి. కొత్తగా వచ్చినవాళ్లకి మెసేజ్ పెట్టి ఊరుకోకుండా ఒకరు ఇంటికెళ్లి వెంటబెట్టుకుని రండి, భాష రాని చోటికి వచ్చిన పిల్ల ఒంటరిగా గుమ్మం దాటదు.

వాట్సాప్ గ్రూపు ఒకటే ఉంటే రెండు చెయ్యండి, ఒకటి కబుర్లకి, ఇంకొకటి యూనిట్ నుంచి వచ్చిన ఖాయమైన సమాచారానికి మాత్రమే, అందులో ఒక్కరే రాయాలి. అమెరికా నేవీలో 1970లో అప్పటి నేవీ అధిపతి అడ్మిరల్ జుమ్‌వాల్ట్ సరిగ్గా ఇలాంటి పనికే ప్రతి యూనిట్‌కీ కుటుంబాల్లోంచి ఒకరిని పెట్టించారు, కమాండింగ్ ఆఫీసర్‌కీ ఇళ్లకీ మధ్య మాట ఆ మనిషి ద్వారా అటూ ఇటూ వెళుతుంది. ఏ గ్రూపులోనూ ఎవరు ఎక్కడున్నారు, ఎప్పుడు కదులుతున్నారు, ఏ రైలెక్కారు అన్నది రాకూడదు. స్టేటస్‌లో కూడా పెట్టొద్దు. మన జవాన్లకి ఉత్తరం రాస్తే అడ్రసులో ఊరి పేరు లేకుండా కేరాఫ్ 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) రాయించేది ఊరికే కాదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఇంకా పెళ్లి కాలేదు. భార్యల గ్రూపులు ఉంటాయట, తల్లిదండ్రుల్ని ఎవరు పిలుస్తారు? టీవీలో సరిహద్దు వార్త వస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు.

జవాబు: అమ్మా, మిమ్మల్ని వదిలెయ్యడం తప్పే, గ్రూపులు నడిపేవాళ్లు ఇది చదివి పెళ్లికాని జవాన్ల తల్లిదండ్రులకి కూడా ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాలని కోరుకుంటున్నాను. మీ వైపు నుంచి, తర్వాతి కాల్‌లో అబ్బాయిని యూనిట్ నంబరు అడిగి రాసుకోండి, సర్వీస్ రికార్డులో మీ అడ్రసూ ఫోనూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోమనండి. టీవీ సంగతికొస్తే, రోజుకి ఒక్కసారి ఒక వార్తల బులెటిన్ చూసి కట్టెయ్యండి. కింద పరిగెత్తే అక్షరాల్లో మీ అబ్బాయి కబురు ఉండదు, ఏదైనా జరిగితే ముందు ఇంటికి చెప్పడమే సైన్యం పద్ధతి. ఎవరో ఫార్వర్డ్ చేసిన వీడియో అసలు తెరవొద్దు.

ప్రశ్న: వెళ్లే ముందు వారమంతా ఇద్దరం చిన్నచిన్న వాటికి గొడవపడ్డాం. ఇప్పుడు ఆయన వచ్చే నెల వస్తున్నారు. సంతోషంగా ఉండాల్సింది పోయి కంగారుగా ఉంది, నాలో ఏదైనా లోపమా?

జవాబు: లోపం ఏమీ లేదు. నేవీ భార్యల అనుభవాల మీద 1987లో కాథ్లీన్ వెస్టల్ లోగన్ అనే ఆవిడ రాసిన వ్యాసంలో ఈ వెళ్లడం, రావడం ఏడు దశలుగా ఉంటుందని చెప్పారు. వెళ్లే ముందు మనసు దూరం జరగడం అందులో ఒక దశ, వచ్చాక ఇంట్లో ఎవరి పని ఏదో మళ్లీ మాట్లాడుకోవాల్సి రావడం ఇంకొకటి. కోపంగా ఉన్న మనిషిని సాగనంపడం కొంచెం తేలికనిపిస్తుందేమో, గొడవలు అందుకే వస్తాయి. వచ్చాక మొదటి వారం చుట్టాలనీ విందులనీ పెట్టుకోవద్దు. ఆయనకి నిద్ర కావాలి, మీకు ఆయన్ని చూసుకోవడానికి టైము కావాలి. డబ్బు లెక్కలు, పిల్లల స్కూలు, మీరు ఒక్కరే తీసుకున్న నిర్ణయాలు, వీటి గురించి రెండో వారంలో కూర్చుని మాట్లాడుకోండి, వచ్చిన రోజు రాత్రి వద్దు. నెలలు గడిచినా ఆయన నిద్రపోకపోయినా, ఊరికే ఉలిక్కిపడుతున్నా, ఎవరితోనూ కలవకపోయినా డాక్టర్‌కి చూపించండి, నచ్చజెప్పి ఆపేసే విషయం కాదది.

ప్రశ్న: మా పక్కింటాయన సైన్యంలో ఉన్నారు. ఆవిడకి ఏదైనా చెయ్యాలని ఉంది, ఎలా అడగాలో తెలియడం లేదు.

జవాబు: "భయం వెయ్యదా మీకు?" అని మాత్రం అడక్కండి, రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆయన ఎక్కడున్నారనీ వద్దు. "నేను బజారుకి వెళుతున్నాను, మీకేం తేవాలి?" అనండి, ఆవిడ చీటీ ఇచ్చేస్తుంది. ఆయన వెళ్లిన వారం అందరూ వస్తారు, మూడో నెలకి ఎవరూ రారు. మీరు అప్పుడు కూడా వెళ్లండి, పిల్లలకి ఒంట్లో బాగా లేదని తెలిస్తే మాత్రం ఏమీ అడక్కుండానే తలుపు తట్టండి.