ఐదుగురి కోసం ఒక్కడు: సరంగు తాత అన్నది తప్పా?

ప్లీడరు గారి జవాబులు

ప్రశ్న: మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. మా మామయ్యగారు చాలా ఏళ్ళు గోదావరి మీద లాంచీ సరంగుగా చేశారు. భీమవరంలో ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి దసరా సెలవులకొచ్చి, అన్నం తింటూ ఆయన్ని ఒకటి అడిగాడు. బ్రేకులు పోయిన ట్రాలీ పట్టాల మీదున్న ఐదుగురి మీదికి పోతోంది. మీట లాగితే పక్క పట్టాల మీదికి మళ్ళుతుంది, అక్కడ ఒక్కడే ఉన్నాడు. లాగుతావా అని. "లాంచీ అయితే చుక్కాని తిప్పేత్తానురా, దానికి అడగాలా" అన్నారు మామయ్యగారు. సరే, మీట లేదనుకో, వంతెన మీద నీ పక్కన లావుపాటి మనిషి ఉన్నాడు, తోసేస్తే అతనికి తగిలి ట్రాలీ ఆగుతుంది, తోస్తావా అన్నాడు వీడు. "ఛీ! మడిసిని తోసేయమంటావేంట్రా!" అని ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. రెండిట్లోనూ ఒకడు పోయి ఐదుగురు బతుకుతారు కదా, తాతకి లెక్క రాదంటాడు వీడు. ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు. ఎవరిది తప్పు?

జవాబు: అమ్మా, ఇది అచ్చయ్యేలోపు మామగారు భోజనానికి కూర్చునే ఉంటారు. లేకపోతే ఈ సంగతి చెప్పి కూర్చోబెట్టండి: ఆయన వెనక చట్టం ఉంది.

1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 81వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణ ఆయన కోసమే రాసినట్టుంటుంది. ఒక స్టీమరు కెప్టెను. తన తప్పేమీ లేకుండానే ఇరకాటంలో పడ్డాడు, స్టీమరు ఆపే వ్యవధి లేదు. ఎదురుగా ఇరవై ముప్పై మంది ఉన్న పడవ. పక్కకి తిప్పితే ఇద్దరున్న ఇంకో పడవకి తగలొచ్చు. ఆ ఇద్దరినీ గుద్దాలన్న ఉద్దేశం లేకుండా, పెద్ద పడవలోవాళ్ళని కాపాడాలని సద్బుద్ధితో తిప్పితే నేరం కాదన్నారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 19వ సెక్షను. మీ అబ్బాయి చెప్పిన కథకి మూలం, ఇంగ్లండులో ఫిలిపా ఫుట్ అనే తత్వవేత్త 1967లో రాసిన ట్రాము డ్రైవరు కథ. వంతెన మీద లావుపాటి మనిషిని ఆ తర్వాత అమెరికాలో జూడిత్ జార్విస్ థామ్సన్ అనే ఇంకో తత్వవేత్త తెచ్చి నిలబెట్టారు. మన స్టీమరు వాళ్ళ ట్రాము కంటే నూరేళ్ళు ముందు బయల్దేరింది.

అయితే ఆ ఉదాహరణలో ఒక చిన్న మాట ఉంది. మా ప్లీడర్లం బతికేదే అలాంటి మాటల మీద. చిన్న పడవని తప్పించుకుని పోయే అవకాశం కెప్టెనుకి ఉందంటారు. అంటే ఆ ఇద్దరికీ ఉన్నది ప్రమాదం, ఖాయమైన చావు కాదు. మీ అబ్బాయి కథలో పక్క పట్టాల మీదవాడు చచ్చి తీరాలి. అక్కడికొచ్చేసరికి చట్టం ఇంత బాహాటంగా మాట్లాడదు. నేనైతే మీట లాగుతాననే అనుకుంటున్నాను. కోర్టులో గెలుస్తానని మాత్రం పందెం కాయను.

ఇక తోసెయ్యడం. మీ అబ్బాయిని ఒకటి అడగండి. పక్క పట్టాల మీదవాడు ఆఖరి క్షణంలో దూకి తప్పించుకున్నాడనుకోండి, మీట లాగినవాడు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు. వంతెన మీద మనిషి చెయ్యి విదిలించుకుని పారిపోతే? వేసుకున్న ప్లానంతా పోయినట్టే. మొదటిదాంట్లో ఆ ఒక్కడు అక్కడ లేకపోతే మనకి ఇంకా మంచిది. రెండోదాంట్లో అతను లేనిదే పని జరగదు, అతని ఒళ్ళే మనకి బ్రేకు. తాత లేచిపోయింది అందుకు. లెక్క రాక కాదు.

1884లో మిగ్నొనెట్ అనే ఇంగ్లీషు ఓడ మునిగి నలుగురు చిన్న పడవలో సముద్రం పాలయ్యారు. తిండీ నీళ్ళూ లేక అల్లాడి, చివరికి కెప్టెను డడ్లీ, స్టీఫెన్స్ కలిసి రిచర్డ్ పార్కర్ అనే పదిహేడేళ్ళ కుర్రాణ్ణి చంపారు. ముగ్గురూ తిన్నారు, ముగ్గురూ బతికారు. కోర్టు అది హత్యేనని ఆ ఇద్దరికీ ఉరిశిక్ష వేసింది, తర్వాత ఆరు నెలల జైలుకి తగ్గించారు. చీట్లు వేద్దామన్న మాట ఆ పడవలో వచ్చింది గానీ వెయ్యలేదు. జబ్బుపడి స్పృహలో లేనివాడు, పెళ్ళాంపిల్లలు లేనివాడు ఎవడా అని చూశారు. మీ అబ్బాయి ఈ కేసు చదివి, మళ్ళీ తాత దగ్గర కూర్చుంటే బాగుంటుంది.

ప్రశ్న: ఊరి కోసం ఒక కుటుంబాన్ని, దేశం కోసం ఒక ఊరినే వదులుకోవచ్చని విదురుడు చెప్పాడు కదా. పెద్ద వరదొచ్చినప్పుడు అవతలి ఒడ్డున ఏటిగట్టుకి గండి కొట్టి పట్నాన్ని కాపాడుకుంటే తప్పేంటి?

జవాబు: విదురుడు ఆ మాట ఎవరితో అన్నాడో చూడండి. దుర్యోధనుడు పుట్టినప్పుడు ధృతరాష్ట్రుడితో. నీ కొడుకుని నువ్వు వదులుకో అని తండ్రికి చెప్పాడు. మీరు వదులుకుంటానంటున్నది అవతలివాళ్ళ ఊరిని.

పైగా గోదావరి ట్రాలీలా క్షణంలో మీద పడదు. భద్రాచలం దగ్గర మట్టం చూస్తే కిందికి ఏం రాబోతోందో తెలుస్తుంది. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. జనాన్ని, గొడ్డూగోదాని ఖాళీ చేయించడానికి ఆ మధ్యలో టైము ఉంటుంది. అంతా అయ్యాక కూడా ఏదో ఒక ఊరు మునగక తప్పదంటే, ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారో సంతకంతో ఉండాలి, మునిగినవాళ్ళకి నష్టపరిహారం రాసివ్వాలి. అర్ధరాత్రి పలుగుతో అవతలి గట్టెక్కి దొరికిపోయినవాడి తరఫున నేను వకాల్తా వెయ్యను.